కిట్ వద్దన్నా బండి ఇవ్వండి: షోరూమ్ యజమానులకు ఓ పాత గుమాస్తా లేఖ

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో బండ్ల షోరూములు, ఫ్రిజ్జులూ టీవీల షాపులు, సెల్ షాపులు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు నమస్కారం.

మాది కావలి. ఇటు నెల్లూరికీ అటు ఒంగోలుకీ మధ్యలో ఉన్నవాళ్లం. ఇక్కడా షాపులున్నాయి గానీ, పెద్ద వస్తువు కొనాలంటే నాలుగు రకాలు చూసుకోవచ్చని మా ఊరివాళ్లు చాలామంది మీ దగ్గరికే వస్తారు. నేను ముప్పై ఏళ్లు అమ్మకం పనే చేశాను. మొదట నెల్లూరు చిన్నబజారులో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా పదకొండేళ్లు, ఆ తర్వాత ఫ్రిజ్జులు, ఏసీలు అమ్మే షోరూములో. ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. ఎనిమిది వేల వస్తువు కోసం వచ్చినవాళ్లకి పదకొండు వేలది అమ్మి పంపిన రోజులు లెక్కలేనన్ని. ఆ కమీషన్లతోనే ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాను. కాబట్టి పై రకం అమ్మడమే తప్పని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకండి. వద్దన్న సరుకుని అంటగట్టడం గురించే నా బాధ.

పోయిన నెల మా మేనకోడలికి స్కూటర్ కొనడానికి ఒంగోలు వెళ్లాం. ఆ పిల్ల అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం కష్టంగా ఉందని చాలా రోజులుగా అడుగుతోంది. మా బావది కొండపి వైపు పొగాకు సేద్యం. వేలంలో బేళ్ల డబ్బు పడ్డాక సగం ఆయన, సగం ఆ పిల్ల జీతం దాచుకున్నది కలిపి బయల్దేరాం. ఏ షోరూమో చెప్పను. చెప్పాల్సిన పనీ లేదు, ఈ ఉత్తరం చదివేవాళ్లలో సగం మంది అది మాదేనేమో అనుకుంటారు.

సేల్స్ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. ఆ ఎండలో టై కట్టుకుని, మర్యాదగా నీళ్లిచ్చి, బండి చూపించి, కొటేషన్ రాసిచ్చాడు. బండి ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, దాని కింద ‘కిట్’ అని ఒక లైను, పక్కన 6,400. ఆ పైన మొత్తం.

‘కిట్ అంటే ఏంది బాబూ?’ అన్నాను.

‘యాక్సెసరీస్ సార్. అందరూ తీసుకుంటారు.’

నేనూ ముప్పై ఏళ్లు ఆ మాట అన్నవాడినే కాబట్టి నవ్వొచ్చింది. ఒక్కొక్కటీ చెప్పమన్నాను. సీటు కవరు, కాళ్ల కింద రబ్బరు మ్యాట్, ముందూ వెనకా గార్డులు, చీర గార్డు, హెల్మెట్, బాడీకి టెఫ్లాన్ కోటింగ్, ఒక కీ చెయిన్. కీ చెయిన్ మీద షోరూమ్ పేరుంది. అంటే మీ ప్రచారానికి మా పిల్ల డబ్బులు కట్టాలన్నమాట. సరే, అది చిన్న విషయం.

వద్దులే, బండి చాలు అన్నాం. కుర్రాడు అద్దాల క్యాబిన్ వైపు చూశాడు. లోపలి నుంచి మేనేజరు వచ్చాడు. ‘ఆడపిల్ల నడిపే బండి సార్, గార్డులు కూడా లేకుండా పంపిస్తారా?’ అన్నాడు మా బావతో. మా బావ తల దించుకున్నాడు. పొగాకు వేలంలో బయ్యర్లతో పోట్లాడే మనిషి, కూతురి ముందు ఆ మాటకి జవాబు చెప్పలేకపోయాడు. నేను మళ్లీ వద్దన్నాను. అప్పుడు మేనేజరు, ‘కిట్ లేకుండా అయితే ఆ కలరు స్టాకు లేదు సార్, ఇరవై రోజులు పడుతుంది’ అన్నాడు. ఆ కలరు బండి మా కళ్ల ముందే స్టాండు వేసి ఉంది. దాని సీటు మీద మా పిల్ల చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

టీ తాగొస్తామని బయటికొచ్చాం. కుర్రాడు వెనకే వచ్చాడు. ‘అంకుల్, ఏమనుకోవద్దు. బండ్ల టార్గెట్ అయిపోయింది. కిట్లు ఇంకా రెండు తక్కువున్నాయి. అవి కాకపోతే ఈ నెల ఇన్సెంటివ్ మొత్తం పోతుంది’ అన్నాడు. నిజమే చెబుతున్నాడని మొహం చూస్తే తెలిసింది. పదిహేను బండ్లు అమ్మిన కుర్రాడు పదమూడు కిట్లే అమ్మినందుకు ఖాళీ చేతులతో ఇంటికి పోవాలి.

‘పోనీలే మామయ్యా, ఆరు వేలకి గొడవెందుకు’ అంది మా మేనకోడలు. కట్టేసింది. ఆ ఆరు వేలు ఆ పిల్లకి ఎన్ని నైట్ డ్యూటీలో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక కిట్ సంగతి నిదానంగా చూశాను. కొత్త టూవీలర్‌తోపాటు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ కంపెనీయే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతోంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని 123వ నిబంధన. మనం చీర గార్డు అనేది దాన్నే. ఉండి తీరాల్సిన వస్తువు ‘ఎక్స్‌ట్రా’ ఎలా అయిందో మీరే చెప్పాలి. షోరూము నుంచి అప్పుడే దించిన బండికి పాలిష్ కోటింగ్ ఎందుకో కూడా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఇన్సూరెన్సు కాగితం తీసి చూస్తే అందులో జీరో డెప్ లేదు, అంటే అరుగుదల కోత లేకుండా చేసే అదనపు కవరు. స్కూటర్ అంటే ముందు నుంచి వెనకదాకా ప్లాస్టిక్కే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు మార్చాల్సి వస్తే అరుగుదల కింద సగం ధర కోసేసి మిగతా సగమే ఇస్తారు. కొత్తగా బండి నేర్చుకున్న పిల్ల, రాత్రి డ్యూటీలు, ఒంగోలు ట్రాఫిక్. ఎక్కడో ఒకచోట గీసుకోక తప్పదు. ఆ పిల్ల చేత అదనంగా డబ్బు పెట్టించడానికి ఆ షోరూములో అన్నిటికంటే న్యాయమైన వస్తువు అదే. దాని గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకంటే టార్గెట్ దాని మీద లేదు, కిట్ మీద ఉంది. ఆ కుర్రాడు మా పిల్ల ఏ పని చేస్తుందో, ఏ వేళప్పుడు బండి నడుపుతుందో కూడా అడగలేదు.

మా చిన్నబజారు కొట్లో పెద్ద గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన నాకు మొదట నేర్పిన పాఠం: ‘మొహం చూడబాక, చెయ్యి చూడు.’ చీరలు పరుస్తుంటే ఆడవాళ్లు మొహంలో ఏమీ తెలియనివ్వరు. నచ్చినా ‘ఇంకోటి చూపించు’ అనే అంటారు. పది చీరలు పరిచాక ఏ చీర అంచు మీదికి వేళ్లు రెండోసారి వెళ్తాయో అది నచ్చిందని లెక్క. దాన్ని అక్కడే ఉంచి, అదే రంగులో ఒక రకం పైది, ఒక రకం కిందది తెచ్చి చెరో పక్క వేయాలి. మూడింటి రేట్లూ ఒక్కసారే చెప్పి ఊరుకోవాలి. ఆ తర్వాత గుమాస్తా నోరు మెదపకూడదు. పదిమందిలో ఆరుగురు మధ్యదో పైదో తీసుకునేవాళ్లు. ఇప్పుడు మీకు ట్రైనింగ్ క్లాసుల్లో ప్రొజెక్టరు పెట్టి చెప్పేది ఇదే.

ఆయన పై రకం ఎత్తనివ్వని చోటు కూడా ఒకటుంది. పెళ్లి బట్టలకి వచ్చినవాళ్లు పెళ్లికూతురి చీర దగ్గర లెక్క చూడరు గానీ, చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరల దగ్గర పది రూపాయలకీ బేరమాడతారు. కొత్తలో నేను తెలివితేటలు చూపిద్దామని పెట్టుబడి చీరల్లోనూ పై రకం దించబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ‘నలభై చీరలమ్మా. ఒక్కోదానికి యాభై పెంచితే రెండు వేలు. ఆ రెండు వేలు పిల్ల చీరలో పెట్టుకోండి, నలుగురూ చూసేది అదే’ అన్నాడు వాళ్లతో. కొట్టుకి రావాల్సిన రెండు వేలు వచ్చాయి. వాళ్లు ఆయనకి దండం పెట్టి వెళ్లారు. తర్వాత ఆ ఇంట్లో సీమంతానికీ, ఇంకో పెళ్లికీ బట్టలు మా కొట్లోనే.

షోరూముకి మారాక నేను ఆ పద్ధతినే నమ్ముకున్నాను. విడవలూరు నుంచి భార్యాభర్తలు వచ్చి సింగిల్ డోర్ ఫ్రిజ్ అడిగారు. ‘ఇంట్లో ఎంతమందమ్మా?’ అన్నాను. అత్తామామలతో కలిపి ఆరుగురు. సముద్రం దగ్గరూరు, వారానికి మూడు రోజులు చేపలు. సింగిల్ డోర్‌లో ఫ్రీజరు కూడా అదే తలుపు లోపల, పాల గిన్నెకి కూడా చేప వాసన పడుతుందని, డబుల్ డోర్‌లో అది వేరే తలుపని తీసి చూపించాను. 260 లీటర్లది తీసుకెళ్లారు. వాళ్లు అనుకున్నదానికంటే బాగా ఎక్కువే అయింది. ఆ సంక్రాంతికి ఆమె వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది, నా పేరు అడిగి మరీ.

ఏసీల్లోనూ అంతే. స్టార్ స్టిక్కర్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉండే లెక్క 1600 గంటల వాడకానికి వేసింది. రెండు మోడళ్ల స్టిక్కర్లలో తేడా ఎంతో చూసి కరెంటు రేటుతో హెచ్చవేస్తే, ఫైవ్ స్టార్‌కి ఎక్కువ పెట్టింది ఎన్నేళ్లలో తిరిగొస్తుందో కాగితం మీద తేలిపోతుంది. నెల్లూరు ఎండలకి రాత్రంతా ఏసీ వేసుకునే ఇంటికి ఫైవ్ స్టారే అమ్మేవాడిని. రోహిణి కార్తెలో మనవలు వచ్చినప్పుడు పదిహేను రోజులు వేసే ముసలివాళ్లకి త్రీ స్టార్ చాలని చెప్పేవాడిని. వాళ్లు నమ్మబట్టే స్టెబిలైజర్ కూడా నా దగ్గరే కొనేవాళ్లు.

అంత పుణ్యాత్ముడినేం కాదు. ఒక ఏడాది మా షోరూములోనూ ఎక్స్‌టెండెడ్ వారంటీల టార్గెట్ వచ్చింది. ప్రతి శనివారం సాయంత్రం బోర్డు మీద పేర్లు, పక్కన అంకెలు. నా పేరు అడుగున ఉంది. ఆ వారం బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి ఫ్రిజ్ తీసుకున్నారు. ‘ఏ పార్టు పోయినా కొత్తది వేస్తారు మాస్టారూ’ అని 2,400 రూపాయల వారంటీ రాయించాను. అందులో ఏముందో నేనే పూర్తిగా చదవలేదు. మూడో ఏట తలుపు చుట్టూ ఉండే రబ్బరు పోయింది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు వారంటీలోకి రావని వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుని బస్సులో వచ్చారు. కోప్పడలేదు. ‘నువ్వు చెప్పావు గదా నాయనా, అందుకే చదవలేదు’ అన్నారు. నా డబ్బులతో రబ్బరు వేయించాను. ఆ తర్వాత ఆయన మా షోరూము మెట్టెక్కలేదు.

విడవలూరు ఆమెకి అమ్మిందీ ఎక్కువ ధరకే, మాస్టారికి అమ్మిందీ ఎక్కువ ధరకే. మొదటిసారి నేను అడిగింది ఇంట్లో ఎంతమంది అని. రెండోసారి నా బుర్రలో ఉన్నది శనివారం బోర్డు. మీరు ఎన్ని ట్రైనింగులు ఇప్పించినా మీ కుర్రాళ్లకి ఈ రెండిటిలో ఏదో ఒకటే గుర్తుంటుంది. దేనికి డబ్బులిస్తే అది.

వద్దనే వీలు లేనిచోట ఈ అంటగట్టడం ఎక్కడిదాకా పోతుందో మన జిల్లాల్లో చూస్తూనే ఉన్నాం. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. కొరత వచ్చిన సీజన్‌లో బస్తా కావాలంటే పక్కన ఒక సీసానో ప్యాకెట్టో కొనాలంటారు. ‘లింకు’ అని దానికో ముద్దుపేరు. లింకులు పెట్టొద్దని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి, కొట్ల దగ్గర అది నడుస్తూనే ఉంది. రొయ్యల రైతుది మరీ అన్యాయం. మేత అరువుకిచ్చే కొట్టాయన మేతతోపాటు ప్రోబయాటిక్ ఒకటి, మినరల్స్ ఒకటి బిల్లులో రాసేస్తాడు. పట్టుబడి అయ్యేదాకా ఆయనకి బాకీ ఉన్న మనిషి ఏ నోటితో వద్దంటాడు? మీ షోరూములు ఇంకా అంతదాకా పోలేదనుకుంటున్నారేమో. కళ్ల ముందున్న బండిని ‘స్టాకు లేదు’ అన్నారంటే అది లింకే.

నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ మనందరం చూసిందే. స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం కావాల్సినవాళ్లు ఉద్యోగ రొట్టె పట్టుకుంటారు, పెళ్లి కావాల్సినవాళ్లు పెళ్లి రొట్టె. ఉద్యోగ రొట్టె అడిగినవాళ్లని ఇల్లు రొట్టె కూడా పట్టుకుంటేనే ఇస్తానని అక్కడ ఇంతవరకూ ఎవరూ అనలేదు.

చట్టం సంగతి మీ లాయర్లు చెబుతారు. నాకు తెలిసిన ఒక్క ముక్క చెబుతాను. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవాళ్లని బోల్తా కొట్టించే పద్ధతులు 13 రకాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న జాబితా వేసి, అవి చేయకూడదంది. అడగకుండా బుట్టలోకి సరుకు జొప్పించడం అందులో ఒకటి. వద్దన్నవాళ్లని చిన్నబుచ్చి ఒప్పించడం ఇంకొకటి. ఆ మార్గదర్శకాలు ఆన్‌లైన్ వాళ్లకి రాసినవే. కానీ కొటేషన్‌లో ‘కిట్ 6,400’ అని ముందే రాసి ఉంచడం మొదటిది, ‘ఆడపిల్ల బండి సార్’ అని తండ్రి తల దించుకునేలా చేయడం రెండోది. ఫోన్‌లో చేస్తే తప్పయింది ఒంగోలు కర్నూలు రోడ్డు షోరూములో చేస్తే ఒప్పవుతుందా? ఆన్‌లైన్ వాళ్లు మా వ్యాపారం తినేస్తున్నారని మీటింగుల్లో మీరు మొత్తుకునేది నేనూ విన్నాను. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటుంది. నేను చేయలేదు. చేస్తే ముందు ఆ కుర్రాడి ఉద్యోగం పోతుందని.

మీ లాభాలు మానుకోమని అడగడం లేదు. బండి మీద మీకు మిగిలేది తక్కువని, అద్దెలు, జీతాలు, వడ్డీలు యాక్సెసరీల మీదే గట్టెక్కుతున్నాయని నాకు తెలుసు. సీటు కవరు అమ్ముకోండి. మ్యాట్ అమ్ముకోండి. మట్టి రోడ్డు ఊళ్లవాళ్లకి మ్యాట్ నిజంగా పనికొస్తుంది, గార్డులు కొత్తగా నేర్చుకునేవాళ్లకి పనికొస్తాయి. కాకపోతే కొటేషన్‌లో ‘కిట్’ అనే ఆ ఒక్క లైను తీసేసి, ఏ వస్తువు ఎంతో విడివిడిగా రాయించండి, పక్కన ఖాళీ గడి పెట్టి. కావాల్సినవాళ్లు టిక్కు పెట్టుకుంటారు. ఏమీ పెట్టనివాళ్లకీ అదే రోజు, అదే రంగు బండి ఇవ్వండి. కిట్లు అమ్మినందుకు కుర్రాళ్లకి పైన కొంత ఇస్తే ఇవ్వండి గానీ, అమ్మనందుకు బండ్ల మీద వచ్చిన ఇన్సెంటివ్ కోయకండి. ఇదొక్కటి మారితే మిగతావి మీరు చెప్పకపోయినా మారతాయి. కోత లేని కుర్రాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుంది? టైము ఉంటుంది కాబట్టి ‘ఏం పని చేస్తావమ్మా, రోజూ ఎంత దూరం?’ అని అడుగుతాడు. అలా అడిగితే జీరో డెప్ గుర్తొస్తుంది. అందులో కూడా మీకు కమీషన్ ఉంది గదా.

ఇంకో సంగతి. మా మేనకోడలి చెల్లెలికి పెళ్లి కుదిరింది. సారె సామాను కొనడానికి ఈసారి నెల్లూరు వస్తున్నాం. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ రెండూ తీసుకోవాలి. మా బావ సింగిల్ డోర్ చాలంటున్నాడు. ఆ పిల్ల వెళ్లే అత్తగారింట్లో ఏడుగురున్నారు, అల్లూరు దగ్గర, రొయ్యల గుంటలున్న ఇల్లు. నేను వెనకాల కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడను. మీ కుర్రాడు అడుగుతాడేమో చూస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సేల్స్‌మన్,
కావలి